ఉప్పు కిటికీల బాబాయి

ఆయన పోయిన కబురు నాకు ఫోన్‌లో రెండే మాటల్లో వచ్చింది. "దాదా నేయ్." మా ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్న బెంగాలీ అమ్మాయి పంపింది. దాదా లేరు అని. వాళ్ళ భాషలో మనిషి గదిలో లేకపోయినా అదే మాట, లోకంలో లేకపోయినా అదే మాట. ఉదయం పదిన్నర అయింది. నేను వాక్యూమ్ పంపు పక్కన నిలబడి ఆయన కోసమే చూస్తున్నాను. "లేడని నాకూ కనిపిస్తూనే ఉంది, ఎప్పుడొస్తాడో కనుక్కో" అని విసురుగా రాసి పంపాను. ఒక నిమిషం తరవాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది.

ఏక్‌బాల్‌పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా గుండెలో నొప్పి వచ్చిందట. పక్కనున్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయిందట. ఫోన్ పెట్టేశాక నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు ఛీ అంటారు. ఇవాళ రింగు ఎవరు కూర్చోబెడతారు అనుకున్నాను. పంపు నడుస్తూనే ఉంది, ఆపాలని కూడా తోచలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. ఆయన పేరు ఏ పరిశోధన పత్రం మీదా లేదు. పన్నెండేళ్ళు నాతో పనిచేసిన టెక్నీషియన్. అంతకుముందు రేవులో పని. ఆయన తండ్రి శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఓడరేవు కూలీగా కలకత్తా వచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టాడు. నేను ఉద్యోగానికి ఒంగోలు నుంచి వచ్చినదాన్ని. చేరిన మొదటి రోజు నాకొచ్చిన నాలుగు బెంగాలీ ముక్కలూ కూడదీసుకుని స్పానర్ కావాలని అడగబోతే, ఆయన పకపకా నవ్వాడు. "ఏటమ్మా, తెలుగోళ్ళేనా? మాట ఇంటేనే తెలిసిపోనాది!" అందరికీ ఆయన దాదా, అంటే అన్నయ్య. నాకు ఆ రోజు నుంచి బాబాయి.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన చేసింది మీకు తెలియదు. ప్రతి వాయువూ తనలోంచి వెళ్ళే కాంతిలో కొన్ని రంగుల్ని మింగేస్తుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఈ మింగడం మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఏ వాయువు ఏ రంగు మింగుతుందో ముందే గీతలుగా కొలిచి పెట్టుకుంటే, ఎక్కడ ఆ గీత కనిపించినా అక్కడ ఆ వాయువు ఉందని చెప్పవచ్చు. అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతూ ఎవరింట్లో చేపలు వేయిస్తున్నారో, ఎవరింట్లో పప్పు మాడిందో చెప్పేస్తాం చూడండి, అలాంటిదే. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గాలిని కూడా పెద్ద పెద్ద దూరదర్శినులతో ఇలాగే చూస్తున్నారు. అక్కడ ప్రాణం ఉంటే అది వదిలిన సేంద్రియ వాయువులు ఆ గాలిలో ఉంటాయని ఆశ. అయితే అలాంటి వాయువులు కొన్ని ప్రాణం లేకుండా కూడా పుట్టవచ్చు. ఏవి అలా పుడతాయో తేల్చడం మా వంతు. ముంజేయంత పొడుగున్న గాజు గొట్టంలో కొన్ని వాయువులు కలిపి నింపి, మీద అతినీలలోహిత దీపం వెలిగించి, లోపల ఏమేం పుడుతున్నాయో గీతలు చూసి రాసుకుంటాం. ఆ గొట్టాన్ని సెల్ అంటాం.

సెల్‌కి రెండు చివర్లా కిటికీలుంటాయి. గాజు పరారుణ కాంతిని ఆపేస్తుంది కాబట్టి ఆ కిటికీలు ఉప్పుతో చేసిన బిళ్ళలు. కలకత్తాలో ఉప్పు బిళ్ళను కాపాడటమంటే మాటలా! భాద్రపదం వచ్చిందంటే ఇక్కడ గోడలకే చెమటలు పడతాయి. కొత్తలో నేను రెండు బిళ్ళల్ని బల్ల మీద మరిచిపోయి భోజనానికి వెళ్ళొచ్చేసరికి రెండూ మసకబారి కూర్చున్నాయి. నాకు ఏడుపొచ్చింది. బాబాయి మెత్తటి గుడ్డ మీద స్పిరిట్ చుక్కలు వేసి, బిళ్ళను గుండ్రంగా తిప్పుతూ గంటన్నర రుద్ది, అవతలి గోడ మీది క్యాలెండరు అంకెలు కనిపించేలా చేసి తెచ్చిచ్చాడు.

అప్పటి నుంచి వాటిని దాచే పని ఆయనదే. తేమ పట్టకుండా ఉండేందుకు మా దగ్గర ఖరీదైన గాజు జాడీ ఉంది. ఆయన దాన్ని నమ్మలేదు. వేయించిన బియ్యం పోసిన బిస్కట్ డబ్బాలో బిళ్ళల్ని గుడ్డలో చుట్టి పెట్టేవాడు. "ఆ జాడీ మూత ఎవడో ఒకడు తెరిసి వొగ్గేస్తాడమ్మా. బిస్కట్ డబ్బా అయితే, తెరిసినోడు లోపల బిస్కట్లు నేవని గబుక్కున మూసేస్తాడు." పన్నెండేళ్ళలో ఆ డబ్బాలో ఒక్క బిళ్ళ పాడవలేదు.

ఇక రింగు. కిటికీకీ గాజుకీ మధ్య రబ్బరు రింగు వస్తుంది. దానికి వేలితో పలచగా గ్రీజు రాసి కూర్చోబెట్టాలి. వెంట్రుకంత తేడా వచ్చినా బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది, ఆ రోజు పనంతా బూడిదలో పోసిన పన్నీరే. "గాలికి సిగ్గు నేదమ్మా, సందు దొరికితే దూరిపోద్ది" అనేవాడు. నేను కూర్చోబెడితే మూడుసార్లు లీకయ్యేది. ఆయన కూర్చోబెడితే ఒక్కసారికే పంపు మీది మీటరు ముల్లు కిందికి దిగి కదలకుండా నిలబడేది. గ్లవ్స్ లేకుండా సెల్ ముట్టుకోకూడదని గోడ మీద నిబంధన రాసి అంటించింది నేనే. ఆయన వేసుకునేవాడు కాదు. ఒకటి రెండుసార్లు తిట్టాను. "తొడుగేసుకుంటే రింగు కూకుందో నేదో ఏలికెలాగ తెలుస్తాదమ్మా?" అని సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కొచ్చి నా ముందు చాపేవాడు, చూసుకో అన్నట్టు. నిలబడ్డ ముల్లుని చూసుకుని నేనే నోరు మూసుకున్నాను. నిబంధన పెట్టిందీ నేనే, సడలించిందీ నేనే.

వానాకాలంలో ఆయన స్టూలు మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండేవాడు. ఏదో లెక్కేసుకుంటున్నాడనుకునేదాన్ని. ఏం లెక్క బాబాయ్ అని ఒక్కసారైనా అడగలేదు.

ఆయనకి మా పని మీద కుతూహలం ఎక్కువ, భయభక్తులు తక్కువ. ఒకసారి మీథేన్ గీతలు కొలుస్తుంటే వెనక నిలబడి అడిగాడు. "అమ్మా, అక్కడెవులైనా ఉండి ఇటేపు సూసినారనుకో. మనం ఉన్నామని ఆళ్ళకెలాగ తెలుస్తాది? మన హౌరా బ్రిడ్జి కనపడద్దా?"

"బ్రిడ్జి కనపడదు బాబాయ్. మీథేన్ కనపడుతుంది. ఆవుల కడుపులోంచీ వరి మళ్ళలోంచీ వస్తుందది."

"అయితే బ్రిడ్జి కట్టిన పెద్ద ఇంజినీరు కనపడడు, మా తాత ఆవు కనపడద్ది. అంతేనా?" అంతే అన్నాను. ఆ రోజంతా కనిపించిన ప్రతి బెంగాలీవాడికీ ఆ మాట చెప్పి నవ్వుకున్నాడు. నాలుగో అంతస్తు పెద్ద ప్రొఫెసరుగారిని కూడా వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ క్రితం మా కొలతల్లో ఒక గీత కనిపించింది. చిన్నది, ఉందా లేదా అన్నట్టుండేది. దీపం వెలిగించక ముందు ఖాళీ సెల్‌లో ఉండదు. వాయువులు నింపి దీపం వెలిగించిన అరగంటకి మెల్లగా లేస్తుంది. మేం నింపిన వాయువుల్లో దేనిదీ కాదు. మా దగ్గరున్న పట్టికలన్నీ వెతికినా సరిగ్గా అతకలేదు. వానాకాలంలో కొంచెం ఎక్కువగా వచ్చేది, తేమ వల్ల కాబోలనుకున్నాను. నాకు నిద్ర పట్టడం మానేసింది. ప్రాణం లేకుండా, ఉత్త దీపం వేడికీ వెలుగుకీ కొత్త సేంద్రియ వాయువేదో పుడుతోందా? పుడుతుంటే మాది చాలా పెద్ద మాట అవుతుంది. కాకపోతే ఎక్కడినుంచో మురికి చేరుతోంది. రెంటిలో ఏదో తేల్చాలి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం నేను మామూలు కంటే ముందుగా వెళ్ళాను. పంపు వెనక గూట్లో అమ్మవారి పటం, దాని ముందు బాబాయి. చిన్న ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి పంపుకి హారతి ఇస్తున్నాడు! ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ రోజున ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టి ధూపం వేయడం మామూలే. ఆ ఒక్క రోజూ మేం పని ఆపి, గది కడిగి, రెండు రోజులు కిటికీలు తెరిచి ఉంచుతాం. గూటికి పట్టిన మసి చూస్తే, ఈయన రోజూ ఇస్తున్నాడన్నమాట. గాలిలో లక్షో వంతు సేంద్రియ వాయువు కోసం వెతికే గదిలో, రోజూ, కర్పూరం!

నాకు కోపం ఎక్కువ. మా ఒంగోల్లో కూడా నన్ను చూసి జడుసుకునేవాళ్ళు. ఆ రోజు ఏమేం అన్నానో పూర్తిగా రాయడానికి చెయ్యి రావడం లేదు. "నా ఇన్నేళ్ళ పని మంట పెట్టేశావు బాబాయ్, నీ భక్తి తగలెయ్య" అన్నంత వరకు గుర్తుంది. ఆయన కర్పూరం ఆర్పి, పటాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని, "పంపు కాడ కోపం పనికిరాదు తల్లీ, పంపుకి తెలిసిపోద్ది" అని మాత్రం అన్నాడు. మర్నాటి నుంచి హారతి లేదు. గూడు ఖాళీ.

గీత మాత్రం పోలేదు. నెల చూశాను, రెండు నెలలు చూశాను. అలాగే లేస్తోంది. దాంతో హారతి కారణం కాదని తేలింది. ఆయనకి క్షమాపణ చెప్పి పటం మళ్ళీ పెట్టుకోమనాలి కదా. చెప్పలేదు. ఎలాగూ గదిలో అగ్గి మంచిది కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తరవాత నేను చేసిన పని వినండి. నాకు ఇక ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయింది, ముఖ్యంగా బాబాయి మీద. ఇంకేం పూజలు చేస్తున్నాడో ఎవరికి తెలుసు? అందుకని ఆయన లేని ఆదివారాల్లో వెళ్ళి నేనే పరీక్షలు చేశాను. కొత్త రింగులు తీసి, గ్లవ్స్ వేసుకుని, ఐదారుసార్లు లీకయినా పట్టు వదలకుండా సెల్ బిగించాను. ఏ వాయువూ నింపకుండా దీపం వెలిగించాను. అరగంట, గంట, రెండు గంటలు. ఏ గీతా రాలేదు. ఏడు ఆదివారాలు అలా చేశాను. ఒక్కసారీ రాలేదు. ఖాళీ సెల్‌లో రాదు, వాయువులు నింపితే వస్తుంది. ఇంకేం కావాలి? గీత వాయువులదే, మురికి కాదు, మా గదిలో ఏ దోషమూ లేదు. ఎగిరి గంతేశాను.

ఆ వారంలోనే బాబాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తరవాత రెండు చేతులూ చాపాడు, రింగు పెట్టే ముందు చాపినట్టే.

"అమ్మా, పటం తీసీసినాను. ఆర్నెల్లయిపోనాది. ఆ గీత పోనేదు కదా. మరింకేటి సేసీసినానో నాను. నా వల్లేనేమోనమ్మా."

నాకు జాలేసింది. లేచి ఆ చేతుల్ని పట్టుకున్నాను. "నీ వల్ల కాదు బాబాయ్. నేను పరీక్ష చేసి చూశాను. గాజులో లేదు, పంపులో లేదు, నీలో అసలే లేదు. అది వాయువుదే."

"నిజమేనా?"

"నిజమే."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే బతికిపోనాను" అన్నాడు. మర్నాడు గది మొత్తానికీ మట్టి ముంతల్లో మిష్టీ దోయీ తెచ్చి పంచాడు. ఆ తియ్యటి పెరుగు నేను రెండు ముంతలు తిన్నాను. ఎంత సంతోషంగా ఉన్నానో!

పత్రం రాసి పత్రికకి పంపాను. ఒప్పుకున్నారు. అచ్చుకు వెళ్ళడమే తరవాయి. ఈ గీత ఫలానా చోట వస్తుందని, ప్రాణం ప్రమేయం లేకుండానే వస్తుందని, కాబట్టి ఏ గ్రహంలోనైనా ఇది కనిపిస్తే ప్రాణమని పొరబడవద్దని అందులో రాశాను. పన్నెండేళ్ళ కష్టానికి నాకు నాదంటూ ఒక గీత దక్కింది. ఇదంతా అయిన రెండు వారాలకి "దాదా నేయ్" అని కబురు.

పదకొండో రోజున ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. సిగ్గుపడాల్సిన విషయం, పన్నెండేళ్ళలో అదే మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళడం. రెండు గదుల ఇల్లు. మెట్ల మీదే ముక్కుకి కర్పూరం కొట్టింది. పిన్ని, అంటే ఆయన భార్య, చాప మీద కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టింది. "బోషో అమ్మా, కూకో" అని పక్కన చోటిచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, "హారతి ఇప్పుడే ఇచ్చారా పిన్నీ?" అన్నాను.

"హారతేటమ్మా, మైలలో దీపమెవులు ఎలిగిస్తారు? ఇది మీ బాబాయి నూనె వాసన. మనిషి పోనా వాసన పోనేదు."

"ఏం నూనె?"

లేచి అలమార కింద అరలోంచి సీసా తీసింది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచిన నూనె. "రేవులో పనిసేసినప్పుడు ఇనప తాడు ఏళ్ళ మీద పడ్డాది. అప్పుట్నుంచి పొద్దున్నే ఏళ్ళు ఇచ్చుకోవు. ఇది రాసి అరగంట రుద్దితేగాని టీ గ్లాసు అట్టుకోనేడు. వానాకాలమైతే సిన్న డబ్బాలో పోసి పనికీ అట్టుకెల్లీవోడు."

"నాకెప్పుడూ చెప్పలేదే పిన్నీ!"

"సెప్తే పన్లోంచి తీసేస్తారని బయం. ఏళ్ళతోటే కదమ్మా ఆయన పని."

నేను సీసా వైపే చూస్తున్నాను. పిన్ని తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "ఒకపాలి ఏటనుకున్నాడో, కర్పూరమెయ్యకుండా ఒట్టి నూనె కాయమన్నాడు. ఎందుకంటే సెప్పడు. నాలుగు రోజులకే ఏళ్ళు కొయ్యలైపోనాయి. ఐదో రోజు నానే మళ్ళీ కర్పూరమేసీసినాను. వాసన తెలిసే ఉంటాది. ఏటీ అననేదు."

ఆ నాలుగు రోజులు ఎప్పుడో ఆమెకి గుర్తు లేదు. ఆయన నా ముందు చేతులు చాపి నిలబడిన రోజుకి ముందా, తరవాతా అని మూడు రకాలుగా అడిగాను. పాపం, భర్త పోయి పదకొండు రోజులైన మనిషిని తేదీల కోసం పీడిస్తున్నానని అప్పుడు తోచింది. వచ్చేస్తుంటే ఆ సీసా ఇవ్వమని అడిగాను. ఎందుకని అడగలేదామె. జ్ఞాపకానికనుకుంది, కాగితంలో చుట్టి ఇచ్చింది.

ట్యాక్సీలో వస్తూ నా ఆదివారాలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. ఏడు ఆదివారాలూ రింగు కూర్చోబెట్టింది నేను. గీత వచ్చిన రోజులన్నింటిలోనూ కూర్చోబెట్టింది ఆయన. ఇంత చదువుకున్నదాన్ని, ఈ ఒక్క తేడా నా బుర్రకెక్కలేదు. ఆయన దగ్గర అప్పుడప్పుడు వచ్చే కర్పూరం వాసన ఇంట్లో పూజదనుకున్నాను. ఆయన్ని నమ్మక ఆయన్ని దూరం పెట్టి పరీక్ష చేశాను, అందుకే పరీక్ష తప్పింది. సబ్బుకి పోని నూనె వేలి మీద, వేలి నుంచి గ్రీజులోకి, గ్రీజు నుంచి రబ్బరులోకి. దీపం వేడెక్కితే అందులోంచి బయటికి. కర్పూరం గురించి అరిచినప్పుడు నాది ఒప్పు, కానీ తిట్టింది అమ్మవారి హారతిని. నీ తప్పు కాదని ఓదార్చినప్పుడు నాది తప్పు. ఇందులో దేనికి సిగ్గుపడాలో, దేనికి ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఇంకొకటి కూడా తెలియడం లేదు. ఆయనకి తెలుసా? ఆ రోజు చేతులు చాపింది, నేను వాసన చూసి, ఇదేమిటి బాబాయ్ అని అడుగుతాననా? అడిగి ఉంటే చెప్పేసేవాడా? నేనేమో నిర్దోషివని తీర్పు చెప్పేశాను. "అయితే బతికిపోనాను" అన్నాడు కదా, ఏ అర్థంతో అన్నాడు? ఆయన మోసం చేశాడని నా నోట రాదు. చేయలేదని ఒట్టు పెట్టలేను. తిండి పెట్టే వేళ్ళని కాపాడుకున్న మనిషిని ఏ మాటతో తప్పు పట్టాలి? ఒక రోజు కోపం వస్తుంది, ఒక రోజు వెక్కి వెక్కి ఏడుపొస్తుంది, రెండూ ఒకే గంటలో వచ్చిన రోజులూ ఉన్నాయి.

సీసా వారం రోజులు నా సొరుగులో ఉంది. దాచకుండా చెబుతాను, పారేద్దామనుకున్నాను. ఆ నూనెకీ గీతకీ ఉన్న సంబంధం ఎవరికీ తెలియదు. చెప్పగల ఒక్క మనిషీ లేడు. నేను పరీక్ష చేయకపోతే గీత నాదిగానే ఉండిపోతుంది. కానీ రేపు ఎక్కడో నిజంగానే ప్రాణమున్న గ్రహంలో అలాంటి గీత కనిపిస్తుందనుకోండి. "ఇది ప్రాణం కాదు, కలకత్తావాళ్ళు ఎప్పుడో తేల్చేశారు" అని పక్కన పెట్టేస్తారు. అదీ కాక, ఆయన వేళ్ళ నుంచి వచ్చినదాన్ని ప్రాణం లేకుండా పుట్టిందని నా సంతకంతో అచ్చు వేయించాలి. ఆ మాట మనసులో అనుకున్న తరవాత సీసాని సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాను.

పత్రం సంగతి ముందే చెప్పేస్తాను. వెనక్కి తీసుకున్నాను. కారణం రాయాల్సిన చోట "సిబ్బంది చేతుల ద్వారా కాలుష్యం" అని రాసి కొట్టేశాను. చచ్చినవాడి మీదకి నెట్టినట్టుంది. కాలుష్యమన్న మాట ఆ చేతులకి అంటించడానికి మనసొప్పలేదు. చివరికి "రోజూ సెల్ అమర్చే వ్యక్తి చేతనే అమర్చించి ఖాళీ సెల్‌ని పరీక్షించకపోవడం నా పొరపాటు" అని రాశాను. జరిగిందీ అదే. ఇప్పుడు నాకు గీత లేదు, పత్రం లేదు, బాబాయి లేడు.

అంతకుముందు రోజు చేసిన పరీక్ష గురించి చెప్పి ముగిస్తాను. గ్లవ్స్‌తో కాదు, ఆయన చేసినట్టే చేయాలనుకున్నాను. పొద్దున్నే ఇంట్లో ఆ నూనె రెండు చేతులకీ రాసి అరగంట రుద్దుకున్నాను. ప్రయోగశాలకి వెళ్ళి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. ఒట్టి వేలితో గ్రీజు రాసి రింగు పెట్టాను. వేలి కింద రబ్బరు ఒకచోట ఎత్తుగా తగిలింది, కొంచెం జరిపాను, కూర్చుంది. పన్నెండేళ్ళలో ఒక్క ప్రయత్నానికే లీకవకుండా నాకు కుదరడం అదే మొదటిసారి. ముల్లు కిందికి దిగి నిలబడిపోయింది. ఆయనుంటే ఏమనేవాడో అనుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఏ వాయువూ నింపలేదు. ఖాళీ సెల్ మీద దీపం వెలిగించాను.

అరగంటకి గీత వచ్చింది. అదే చోట, అదే ఎత్తు.

బెంగాలీ అమ్మాయి నా పక్కన కూర్చుని నమోదు చేస్తోంది. మా పట్టికలో ప్రతి గీత ఎదురుగా ఒక గడి ఉంటుంది, అది ప్రాణి వల్ల పుట్టిందా, ప్రాణి లేకుండానా అని రాయడానికి. ఇన్నేళ్ళలో ఆ గడిలో మేం ఒకటే రాశాం, లేకుండా అని. మా సెల్‌లో ప్రాణి ఎక్కడిది? ఆ అమ్మాయి అలవాటుగా అదే కొట్టబోయి ఆగి నా వైపు చూసింది. "దీదీ, ఏం రాయను?"

నేను కీబోర్డు దగ్గరికి లాక్కుని "ప్రాణి వల్ల" అని కొట్టాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కొలత ఎప్పుడో పూర్తయింది, దీపం ఆపేయవచ్చు. ఇద్దరం ఆపలేదు. ఖాళీ సెల్ ముందు అలాగే కూర్చున్నాం, తెర మీద గీత ఇంకా కొంచెం కొంచెంగా లేస్తూనే ఉంది.